ఇంటి చుట్టూ జాగా అంతా బండలు పరిపించేలోపు ఒక సలహా కావాలి: పిట్టలు, సీతాకోకచిలుకలు రావాలంటే ఏం చేయాలి?

నాగారం_నీడ · ఏప్రిల్ 26, రాత్రి

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో నాగారం వైపు 300 గజాల స్థలంలో ఇల్లు, కట్టడం సగం పోను మిగతాది చుట్టూ ఖాళీ జాగా. ముందు ఒక వేప, వెనకాల జామ, కరివేపాకు ఉన్నాయి, మిగిలిందంతా వట్టి మట్టి, వానాకాలంలో బురద. ఇంట్లో అందరూ పేవర్ బ్లాకులు పరిపించేద్దాం, ఊడ్చుకోవడానికి హాయి అంటున్నారు. మేస్త్రీ వచ్చి కొలతలు కూడా తీసుకుపోయాడు. నాకు మాత్రం మనసొప్పట్లేదు. పిల్లలకు పిట్టలు, ఉడుతలు, సీతాకోకచిలుకలు ఇంట్లోనే కనపడాలని ఉంది. కానీ నీళ్ల ఖర్చు పెరగకూడదు, ఎందుకంటే మా బోరు ఏప్రిల్ వచ్చేసరికి గాలి కొడుతోంది, ట్యాంకర్ తప్పట్లేదు. మా ఆవిడకు పాములంటే భయం, అమ్మకు దోమలంటే మంట. లాన్ వేయించమని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. ఎవరైనా చేసి చూసినవాళ్లు చెప్పండి, యూట్యూబ్‌లో చూసి చెప్పేవాళ్లు కాదు, ఏమనుకోవద్దు.

ఇంకుడుగుంత_పెద్దాయన · ఏప్రిల్ 27, ఉదయం

పిట్టల సంగతి కాసేపు పక్కన పెట్టు బాబూ, ముందు నీళ్ల లెక్క చూడు. మీ డాబా 1,200 చదరపు అడుగులు అనుకుందాం, అంటే సుమారు 111 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గట్టి వాన ఒక్కటి 50 మిల్లీమీటర్లు కొట్టిందంటే మీ డాబా మీదే 5,500 లీటర్లు. నువ్వు డబ్బులు పోసి తెప్పించుకునే ట్యాంకర్ 5,000 లీటర్లు. అంటే ఒక్క వానకి ఒక ట్యాంకర్ నీళ్లు పైపులోంచి గేటు దాటి రోడ్డు మీదికి పోతున్నాయి. మన ఊళ్లో ఏడాదికి 800 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది, మిగతా లెక్క నువ్వే వేసుకో.

ఇంకుడు గుంత చాలామంది తవ్విస్తారు, పనిచేసేది తక్కువ. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు తవ్వి రాళ్లు నింపితే సందుల్లో పట్టేది వెయ్యి లీటర్లకు కాస్త ఎక్కువ. మిగతాదంతా నేల తాగాలి. నేల తాగాలంటే గుంత పైనున్న బంకమట్టి పొర దాటి మొరంలోకి దిగాలి. మనది గ్రానైట్ మీద కూర్చున్న ఊరు, కొన్ని కాలనీల్లో నాలుగడుగులకే పరుపు రాయి తగులుతుంది. అలాంటి చోట గుంత దండగ, ఆ డబ్బుతో సంపు పెట్టుకోవడం మేలు. తవ్వగానే రెండు బకెట్లు పోసి చూడు, గంటలో ఇంకిపోతే గుంత పనిచేసినట్టే. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన దొడ్డు ఇసుక. ఇసుక మీద పొర ఏటా వానలకు ముందు తీసేసి కొత్తది వేయాలి, ఇది ఎవరూ చేయరు, రెండేళ్లకు గుంత మూసుకుపోయిందని తిడతారు. సెప్టిక్ ట్యాంకుకి దూరంగా పెట్టు. బాత్రూమ్ నీళ్లు ఇందులోకి అస్సలు వదలొద్దు.

బండలు పరిస్తే ఈ నీళ్లన్నిటితో పాటు జాగా మీద పడేవి కూడా బయటికే. 2020 అక్టోబర్‌లో కాలనీలు ముంచిన ఆ రాత్రి వాన గుర్తుందిగా.

మియాపూర్_మొక్కలు · ఏప్రిల్ 27, మధ్యాహ్నం

నర్సరీ నడుపుతాను, లాన్ అమ్ముడుపోతే నాకే లాభం, అయినా చెప్తున్నా, వేయొద్దు. మెక్సికన్ గడ్డి ఎండాకాలంలో రోజూ తడపాలి, నెలకోసారి కత్తిరించాలి, వేప నీడ కింద ఎలాగూ పట్టదు, పచ్చగా ఉండాలని యూరియా చల్లుతారు, చెదలకు మందు కొడతారు. ఇంత చేస్తే దాని మీద వాలేది కాకి ఒక్కటే. ట్యాంకర్ కొనుక్కునే ఇంటికి లాన్ ఎందుకు సార్. నడిచే చోట గరిక వదిలేయండి, దానంతటదే అల్లుకుంటుంది, వినాయక చవితికి కొనక్కర్లేదు.

ఇంకో మాట. గోడ పక్కన తొందరగా పచ్చగా కనపడాలని చాలామంది కోనోకార్పస్ అడుగుతారు. హరితహారంలో కూడా రోడ్ల మధ్య వేసి తర్వాత మానేశారు, గుజరాత్‌లో 2023లో నాటడమే నిషేధించారు. వేర్లు పైపుల్లోకి పోతాయి. దాని మీద పిట్ట గూడు కట్టడం నేనైతే చూడలేదు. కంచెకు గోరింట పెట్టండి. కత్తిరించేకొద్దీ గుబురుగా వస్తుంది, ముదిరితే ముళ్లు కూడా వస్తాయి, కుక్కా పిల్లీ దూరవు, పిచ్చుకలు దూరతాయి, నీళ్లు పెద్దగా అడగదు.

తూనీగ · ఏప్రిల్ 27, సాయంత్రం

నీడ గారూ, మీ దగ్గర కరివేపాకు ఉందన్నారు కదా, అయితే సగం పని అయిపోయినట్టే. కరివేపాకు, నిమ్మ, మారేడు, ఈ మూడూ ఒకే కుటుంబం. నలుపు మీద పసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుక, ఇంకా నల్లగా తోకలుండేది, ఇవి వీటి మీదే గుడ్లు పెడతాయి. ఇప్పుడే వెళ్లి లేత ఆకులు తిప్పి చూడండి. ఆవగింజంత పసుపు గుడ్డు ఒక్కొక్కటి విడివిడిగా ఉంటుంది. పిల్ల పురుగు మొదట్లో గోధుమ రంగు మీద తెల్ల మరకతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు ముట్టకుండా ఆ వేషం. పెద్దదైతే ఆకుపచ్చగా మారుతుంది. వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి పొడుస్తుంది, ఘాటు వాసన వస్తుంది, చీమల్నీ కందిరీగల్నీ తరమడానికి. పిల్లలకు ఇంతకంటే సినిమా ఏం కావాలి.

అసలు సమస్య ఏంటంటే అందరూ సీతాకోకచిలుకలు కావాలంటారు, గొంగళి పురుగు కనపడగానే మందు కొడతారు. పూల మొక్కలు పెడితే పక్కింటి సీతాకోకచిలుక వచ్చి తేనె తాగి పోతుంది, అంతే. మీ ఇంట్లో పుట్టాలంటే వాటి పిల్లలు తినే మొక్క ఉండాలి. తంగేడు, రేల పెడితే లేత పసుపు రంగువి వస్తాయి. జిల్లేడు ఒక్కటి మూలకు ఉంటే నారింజ రంగు మీద నల్ల అంచు ఉన్నవి వస్తాయి (పాలు కంట్లో పడకుండా జాగ్రత్త, పిల్లలకు ముందే చెప్పండి). ఆముదం మొక్క దానంతటదే మొలిస్తే పీకకండి, దాని మీద గోధుమ రంగువి పెరుగుతాయి, గింజలు మాత్రం పిల్లలు నోట్లో పెట్టుకోకూడదు, విషం. ఇక కలుపు అని పీకేసే గడ్డి చేమంతి ఉందే, చిన్న సీతాకోకచిలుకలకు ఏడాదంతా తేనె ఇచ్చేది అదే.

ముక్కుసూటి · ఏప్రిల్ 27, రాత్రి

వినడానికి అంతా బాగానే ఉంది. కరివేపాకు పురుగులు తింటే పోపులోకి ఏం వేసుకోవాలి? వేప ఆకులు రాలితే రోజూ ఎవరు ఊడ్చాలి? ఫోరమ్‌లో ప్రకృతి గురించి మాట్లాడే మగవాళ్లలో చీపురు పట్టేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. వాళ్ల ఇంట్లో వాళ్లు బండలు అడిగారంటే ఆ బాధ వాళ్లకే తెలుసు.

నాగారం_నీడ · ఏప్రిల్ 27, రాత్రి

తగిలింది అన్నా. నిజమే, ఊడ్చేది అమ్మ, మా ఆవిడ. అందుకే అడుగుతున్నా, ఊడ్చే పని తగ్గేలా ఏదైనా పద్ధతి ఉందా అని.

అమీన్‌పూర్_అత్తమ్మ · ఏప్రిల్ 28, ఉదయం

ఉంది నాయనా. జాగా అంతా ఊడవాలని ఎవరు చెప్పారు? వాకిలి, నడిచే దారి, తులసి కోట చుట్టూ, ఇంతే ఊడ్చేది. మిగతా చోట ఆకు రాలిన దగ్గరే ఉండనీ. దారి మటుకు షాబాద్ బండలు దూరదూరంగా పరుచుకోండి, మధ్యలో సందులుంటే నీళ్లు దిగుతాయి, కాళ్లకు బురద అంటదు, పేవర్ల కన్నా ఖర్చు తక్కువ. మీ ఆవిడకు చెప్పు, బండలు వద్దనట్లేదు, అన్నిచోట్లా వద్దంటున్నాం అని.

ఊడ్చిన ఆకు కవర్లో కట్టి చెత్త బండికి ఇవ్వడం, కాలబెట్టడం, రెండూ పాపమే. చెట్టు మొదట్లో జానెడు మందాన పరవాలి, మొదలుకు ఆనకుండా బెత్తెడు వదలాలి. మేలో ఎండలు కాస్తున్నప్పుడు ఆకు ఎత్తి కింద మట్టి పట్టుకుని చూడు, చల్లగా ఉంటుంది. రోజూ పోసే నీళ్లు మూడు రోజులకోసారి పోస్తే సరిపోతాయి. ఆకు కింద వానపాములు, చిన్నచిన్న పురుగులు చేరతాయి, వాటికోసం గోరింకలు, జెముడుకాకి, ఏడెనిమిది కలిసి గోల చేసుకుంటూ తిరిగే బూడిద రంగు పిట్టలు, అన్నీ వచ్చి ఆకులు తిరగేసి గీకుతాయి. గింజలు కొని పోయక్కర్లేదు.

ముక్కుసూటి గారూ, కరివేపాకు చెట్టు పెద్దదైతే పురుగు తినగా మనకు మిగులుతుంది. వెనకాల ఇంకొక పిలక పాతుకోండి, ఒకటి మీకు, ఒకటి వాటికి.

కూకట్‌పల్లి_గ్రౌండ్‌ఫ్లోర్ · ఏప్రిల్ 28, మధ్యాహ్నం

మాకు జాగా అంటే గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ వెనకాల ఆరడుగుల సందు, అంతే. పావురాలు తప్ప ఏం రావట్లేదు. పైన థర్డ్ ఫ్లోర్‌లో ఒకావిడ పుణ్యం అని రోజూ జొన్నలు పోస్తుంది, రెట్టలన్నీ మా సందులో. పిచ్చుకలు రావాలంటే ఏం చేయాలి? గూడు డబ్బా ఆన్‌లైన్‌లో కొని తగిలించాం, దాంట్లో బల్లి ఉంటోంది.

తూనీగ · ఏప్రిల్ 28, సాయంత్రం

ముందు ఆ గింజలు ఆపించాలి, చెప్పడం కష్టమే అనుకోండి. పావురాలకు మన మేడలు కొండ గుట్టల్లాంటివే, తిండి కూడా ఊరికే దొరికితే లెక్క లేకుండా పెరుగుతాయి, మిగతా పిట్టలకు చోటుండదు. ఎండిన రెట్టల ధూళి పీల్చి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, ఆస్తమా ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే అసోసియేషన్ మీటింగ్‌లో ఆ మాట చెప్పండి, పుణ్యం పాపం వాదన పెట్టుకుంటే గెలవలేరు. ఎలుకలు కూడా ఆ జొన్నలకే వస్తాయి.

పిచ్చుక డబ్బాకి రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉండాలి, అంతకన్నా పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. ఎనిమిది పదడుగుల ఎత్తున, పడమటి ఎండ తగలని గోడకు. ముందు కూర్చోడానికి పుల్ల ఉంటే తీసేయండి, అది పిచ్చుకకు అక్కర్లేదు, కాకికి పనికొస్తుంది. కానీ డబ్బా ఒక్కటే చాలదు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ పిల్లలకు మేపేది మెత్తటి పురుగులు. చుట్టూ మందు కొట్టే కాలనీలో డబ్బా పెట్టి లాభం లేదు. ఆరడుగుల సందయినా రెండు చదరపు అడుగులు పొడి మట్టి వదిలేయండి, దుమ్ములో పొర్లుతాయి.

అమీన్‌పూర్_అత్తమ్మ · ఏప్రిల్ 28, రాత్రి

వరి కంకుల కుచ్చు చూరుకు కట్టుకో నాయనా. దాన్ని పట్టుకుని వేలాడి తినడం పిచ్చుకకు వచ్చు, పావురానికి రాదు.

పాముల_భయం · ఏప్రిల్ 29, ఉదయం

ఎవరూ అసలు విషయం మాట్లాడట్లేదు. ఆకులు వదిలేయండి, పొదలు పెంచండి, కప్పలు రానివ్వండి అంటున్నారు. పాము వస్తే? మా కాలనీలో పోయిన వానాకాలం బాత్రూమ్‌లోకి వచ్చింది. ఏ మొక్క పెడితే పాములు రావో అది చెప్పండి ముందు.

జెర్రిపోతు_దోస్త్ · ఏప్రిల్ 29, మధ్యాహ్నం

అలాంటి మొక్క లేదక్కా. సర్పగంధి, వెల్లుల్లి, గంధకం, ఫినాయిల్, కార్బోలిక్ యాసిడ్, ఇవన్నీ చల్లి పాములు పోయాయనుకోవడం మన తృప్తి కోసం. పాము మొక్కల కోసం రాదు, ఎలుకల కోసం, కప్పల కోసం, దాక్కునే కన్నం కోసం వస్తుంది. మేము పట్టే చోట్లు చెప్తా వినండి: గోడ పక్కన ఏళ్ల తరబడి పడి ఉన్న ఇటుకల కుప్ప, పాత టైల్స్, వాటర్ మీటర్ గుంత, మూత లేని డ్రైనేజీ, మెట్ల కింద అట్టపెట్టెలు. బండలు పరిచిన ఇళ్లల్లో కూడా రోజూ పడుతున్నాం, కింద మట్టి కుంగి బోలు పడితే దానికి అంతకన్నా మంచి ఇల్లు లేదు.

హైదరాబాద్‌లో ఇళ్లల్లోకి వచ్చేవాటిలో జెర్రిపోతు ఎక్కువ. పొడుగ్గా, వేగంగా ఉంటుంది, చూసి నాగుపాము అనుకుని కొట్టేస్తారు. విషం లేదు, ఎలుకల్ని తింటుంది. నీరుకట్టు పాము కూడా విషం లేనిదే, కాకపోతే కోపిష్టి. ప్రాణం మీదికి తెచ్చేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇంకా చిన్న పింజర. మన దగ్గర దొరికే విరుగుడు మందు ఈ నాలుగిటికీ పనిచేస్తుంది. కట్లపాము రాత్రి తిరుగుతుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు, కాబట్టి నేల మీద పడుకోవద్దు, పడుకుంటే దోమతెర పరుపు కిందకి మడవండి.

నీడ అన్నా, మీరు చేయాల్సింది ఇంతే. ఇంటి గోడ చుట్టూ మూడడుగులు ఖాళీగా, శుభ్రంగా ఉంచండి. ఆకుల కుప్ప, ఎరువు గుంత, కట్టెలు అన్నీ దూరపు మూలకి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, జాలీలకు సన్న మెష్. రాత్రి బయటికెళ్తే టార్చ్, చెప్పులు. ఆకు పొర ఎత్తేటప్పుడు చేత్తో కాదు, కర్రతో కదిపి ఎత్తండి. పాము కనపడితే దూరంగా నిలబడి దాన్ని చూస్తూ ఉండండి, ఎటు దూరిందో తెలియకపోతే మేమొచ్చినా దొరకదు, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకు ఫోన్ చేయండి. కొట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం కూడా. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం ఏమీ వద్దు, కదలకుండా కూర్చోబెట్టి 108, నేరుగా పెద్దాసుపత్రి.

పాముల_భయం · ఏప్రిల్ 29, రాత్రి

మూడడుగుల మాట బాగుంది. మిగతాది చదివాక నిద్ర పట్టదు.

సైనిక్‌పురి_సార్ · ఏప్రిల్ 30, ఉదయం

ఎలుకల మందు గురించి ఒక మాట చేర్చాలి. ఆ నీలం, గులాబీ రంగు బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని గుడ్లగూబ పట్టుకు తింటే అదీ పోతుంది. మా వీధిలో చింతచెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబల జంట ఉంది, సాయంత్రం ఆరున్నరకి కొమ్మ మీదికి వచ్చి తల ఊపుతూ కూర్చుంటాయి. వాటికోసం వీధంతా మందు మానేసి బోను పెడుతున్నాం. గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టం అనే పెద్దలకు చెప్పింది ఒక్కటే, అది లక్ష్మీదేవి వాహనం కదండీ అని. పనిచేసింది.

రాత్రంతా గేటు దగ్గర తెల్లటి ఫ్లడ్ లైటు వేసేవాళ్లు దయచేసి పసుపు బల్బుకి మారండి, కిందకి తిప్పండి. పురుగులన్నీ తెల్లవార్లూ ఆ లైటు చుట్టూ తిరిగి చస్తాయి.

నాగారం_నీడ · మే 2, రాత్రి

అందరికీ చాలా థ్యాంక్స్. మేస్త్రీని ఆపాను. షాబాద్ బండల మాట చెప్తే మా ఆవిడ ఒప్పుకుంది, వాకిలి, కారు పెట్టే చోటు మాత్రం గట్టిగా కావాలంది, సరే అన్నాను. అమ్మ ఇంకా దోమల దగ్గరే ఆగింది. పిట్టలకు నీళ్లు పెడితే డెంగీ వస్తుందని ఆవిడ వాదన. చిన్న తొట్టి కట్టి కలువ వేద్దామనుకున్నాను, ఆ మాట ఎత్తితే ఇంట్లో యుద్ధం.

తూనీగ · మే 3, ఉదయం

అమ్మగారు చెప్పేదాంట్లో సగం నిజం. డెంగీ దోమ మురుగులో కాదు, మంచి నీళ్లలోనే పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ అయ్యేసరికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి పిట్టల మూకుడులో నీళ్లు రెండు రోజులకోసారి పారబోస్తే చాలు, దోమ తయారయ్యే అవకాశమే లేదు. కానీ పారబోయడం ఒక్కటే కాదు, మూకుడు లోపలి అంచు కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాలి. ఆ దోమ గుడ్లు నీళ్ల అంచున గోడకి అంటిపెట్టి పోతుంది, అవి ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. ఎక్కువ మంది ఇళ్లల్లో దోమలు వచ్చేది పిట్టల మూకుడు నుంచి కాదు, కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీ కింద ప్లేటు, డాబా మీద పారేసిన టైరు. ఆదివారం అమ్మగారితో కలిసి ఇవన్నీ ఒకసారి తిరిగి చూడండి, ఆవిడే మీ వైపు వస్తారు.

మూకుడు లోతు రెండు అంగుళాలకు మించొద్దు, మధ్యలో ఒక రాయి పెట్టండి, తేనెటీగలు దాని మీద కూర్చుని తాగుతాయి, మునగవు. పిల్లి దూకలేనంత ఖాళీ చుట్టూ ఉండాలి. తొట్టి సంగతి వచ్చే ఏడాది చూసుకోండి. కడితే చేపలు వేయాలి. గంబూజియా చేపలు దోమ పిల్లల్ని తింటాయి గానీ కప్ప పిల్లల్ని, తూనీగ పిల్లల్ని కూడా వదలవు.

మియాపూర్_మొక్కలు · మే 3, సాయంత్రం

ఇప్పుడు మొక్కలు నాటకండి సార్, ముందు రోహిణి కార్తె ఉంది, రోళ్లు పగిలే ఎండలు. గుంతలు మాత్రం ఇప్పుడే తవ్వి ఎండనివ్వండి. మృగశిర దాటి రెండు వానలు పడ్డాక పెట్టండి, నీళ్ల పని వాన చూసుకుంటుంది. 300 గజాల ఇంటికి రావి, మర్రి, నేరేడు వద్దు, గోడలు పగులుతాయి. వేప ఉంది కాబట్టి దాని నీడ పడని వైపు ఒక రేల, ఒక ఉసిరి. గోడ వెంట సీతాఫలం, దానిమ్మ, పారిజాతం. తేనెపిట్టలకు ఎర్ర ఒంటి రేకుల మందారం, ముద్ద మందారం కాదు, దాంట్లో వాటికి పెద్దగా ఏం దొరకదు. పెద్ద మొక్క కొనకండి. కుండీలో ఏళ్లు పెరిగి వేర్లు చుట్టుకుపోయిన ఆరడుగుల మొక్క కన్నా అడుగున్నర మొక్క మూడేళ్లలో ముందుకెళ్తుంది. ఈ మాట నా దుకాణంలో చెప్పను, ఇక్కడ చెప్తున్నా.

లాంటానా పూలకు సీతాకోకచిలుకలు వస్తాయని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. గింజలు పిట్టలు తిని ఎక్కడపడితే అక్కడ వేస్తాయి, అడవులు నాశనమయ్యేది దాంతోనే. వయ్యారిభామ కనపడితే పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకేయండి.

రేలపూలు · మే 4, ఉదయం

మధ్యలో వస్తున్నా, సారీ. మా వేపచెట్టు 2021లో కొసల నుంచి ఎండిపోయి మాడినట్టు అయింది, తర్వాత కోలుకుంది, మళ్లీ ఇప్పుడు కొన్ని కొమ్మలు అలాగే ఉన్నాయి. కొట్టేయమంటున్నారు. ఇంకా, మందారానికి తెల్లటి దూది లాంటిది పట్టింది, దాని మీద నల్లగా నారింజ మచ్చలతో ఒక పురుగు తిరుగుతోంది, అది కూడా తెగులేనా?

ఇంకుడుగుంత_పెద్దాయన · మే 4, మధ్యాహ్నం

కొట్టేయొద్దు. ఆ ఏడు తెలంగాణ అంతా వేపలు అలాగే ఎండాయి, శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. ఎక్కువ చెట్లు కొత్త చిగురు వేశాయి. ఎండిన కొసలు కోసి తీసేయి, మొదట్లో ఆకు పరిచి వానల దాకా కాస్త నీళ్లు పొయ్యి. ఇంకో సంగతి, మన ఇంట్లో చెట్టయినా సరే కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

తూనీగ · మే 4, సాయంత్రం

దూది పిండినల్లి. దాని మీద తిరిగేది మాత్రం తెగులు కాదు, దండం పెట్టి వదిలేయండి! అది అక్షింతల పురుగు పిల్ల. ఎర్రగా నల్ల చుక్కలతో గుండ్రంగా ఉండే అక్షింతల పురుగు అందరికీ తెలుసు, దాని పిల్ల మాత్రం బుల్లి మొసలిలా ఉంటుంది కాబట్టి చూడగానే చంపేస్తారు. పిండినల్లిని, పేనుబంకను తినేది అదే. మందు కొడితే ముందు చచ్చేది ఇదే, నల్లి పైన మైనం పొర ఉంటుంది కాబట్టి తట్టుకుని మళ్లీ వస్తుంది, అప్పుడు తినేవాడు ఉండడు. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి దూది రాలగొట్టండి. చీమలు బారు కట్టి ఉంటే వాటిని ఆపండి, నల్లి కార్చే తీపి కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. మరీ ఎక్కువైతే అప్పుడు వేపనూనె, లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లతో, సాయంత్రం పూట, పట్టిన కొమ్మకే.

ముక్కుసూటి · మే 4, రాత్రి

కోతుల గురించి ఒక్కరూ నోరెత్తట్లేదు. దానిమ్మ, సీతాఫలం, జామ పెట్టమన్నారు. నాగారం, కీసర వైపు కోతుల మందలు వస్తే కాయలే కాదు, డాబా మీద ట్యాంకు మూత కూడా ఉండదు.

అమీన్‌పూర్_అత్తమ్మ · మే 5, ఉదయం

కోతులకు నా దగ్గర మందు లేదు నాయనా. ఎవరైనా ఉందంటే వాళ్ల ఇంటికి కోతులు రానట్టే లెక్క. కాయలు ముదరగానే కోసి మాగబెట్టుకుంటాను, చెత్తబుట్ట లోపల పెడతాను, వాటికి అరటిపళ్లు వేసే పక్కవాళ్లతో పోట్లాడతాను.

నాగారం_నీడ · జూన్ 14, రాత్రి

ఇప్పటిదాకా అయింది చెప్తాను. గుంత తవ్వితే ఐదడుగులకి మొరం తగిలింది, బకెట్ పరీక్ష పాసయ్యింది. మొన్నటి వానకి పైపు నీళ్లన్నీ దాంట్లోకే పోయాయి, పొంగినవి జామ చెట్టు పాదులోకి మళ్లించాం. రేల, ఉసిరి, గోరింట పెట్టాం. వెనక మూల ఆకుల కుప్ప పెడితే చెత్త బండి అబ్బాయి, ఆకుల కవర్లు ఇవ్వట్లేదేంటి సార్ అని అడిగాడు. మూకుడు దగ్గర పిగిలిపిట్టలు స్నానం చేస్తున్నాయి, ఉడుత వాటిని తరుముతోంది. తొట్టి విషయం ఇంకా అమ్మ దగ్గర పెండింగ్. తంగేడు మాత్రం ఏ నర్సరీలోనూ దొరకలేదు, రాష్ట్ర పుష్పం అని పేరే గానీ.

రేలపూలు · జూన్ 15, ఉదయం

నర్సరీలో కొనరు కాబట్టి పెంచరు. నా దగ్గర గింజలున్నాయి, మా ఊరి గట్టు మీద కోసినవి. పై తొక్క గట్టిది, అలాగే వేస్తే ఎప్పుడు మొలుస్తుందో దాని ఇష్టం. కాగబెట్టి దించిన నీళ్లలో వేసి రాత్రంతా ఉంచి, ఉబ్బినవి తీసి నాటండి, ఉబ్బనివాటికి మళ్లీ అదే చేయండి. కుండీలో వద్దు, వేరు లోతుకు పోతుంది, నేరుగా నేలలోనే. ఎండ బాగా పడాలి.

కూకట్‌పల్లి_గ్రౌండ్‌ఫ్లోర్ · జూన్ 15, మధ్యాహ్నం

అక్కా నాకూ కొన్ని. మా సందులో ఎండ మధ్యాహ్నం రెండు గంటలే పడుతుంది, వస్తుందా?

రేలపూలు · జూన్ 15, సాయంత్రం

రెండు గంటలకు తంగేడు పూయదు తమ్ముడూ, నీకు కరివేపాకు పిలక ఇస్తాను. గింజలు కావలసినవాళ్లు ఆదివారం ఉదయం ఉప్పల్ మెట్రో కింద కలవండి, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఉంటాను. కాగితం పొట్లాలు మీరే తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమ్మ పడుతుంది.